పసుపుముద్దయు పేటెంటు కచేరియు



నా బాల్యము పల్నాటి మాచవరమున గడచినది. మిరపచేనిలో నాపరాయి అంచు తగిలి కాలు చీరినపుడు మా నాయనమ్మ పసుపు అద్ది గుడ్డపీలిక కట్టెడిది. ఆమెకు అక్షరములు రావు. ఈ వైద్యమునకు యజమాని యెవరని యడిగినచో నవ్వియుండెడిది.

అయినను 1995 మార్చి 28వ తేదీన అమెరికా పేటెంటు కచేరి, పసుపుతో పుండ్లను మాన్పు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు 5,401,504 సంఖ్యగల పేటెంటు నొసగెను. పేటెంటనగా క్రొత్తది కనుగొన్నవానికి ప్రభుత్వము కొంతకాలమునకిచ్చు ఏకహక్కు. తెలిసినదానిపై నట్టి హక్కు చెల్లదు. కాని పరీక్షాధికారి తన కందిన కాగితములనుబట్టియే తీర్పు చెప్పును గనుక పొరపాటు కలుగవచ్చును.

అట్టి పొరపాటును దిద్దుటకు పునఃపరీక్ష యను మార్గమును అమెరికావారు 1980 శాసనమున నేర్పరచిరి. రుసుము చెల్లించి యెవరైనను అర్జీ పెట్టవచ్చును. అందు విచారింపదగిన క్రొత్త ప్రశ్న కలదో లేదో కచేరి మూడు మాసములలో తేల్చును. కలదన్నచో విచారణ సాగును. అయితే ఆధారములుగా పూర్వపు పేటెంట్లును, అచ్చైన రచనలును మాత్రమే చూపవలయును. మా నాయనమ్మవంటివారు లక్షమంది పోయి ప్రమాణము చేసినను లాభము లేదు.

రఘునాథ మాషేల్కరు అధిపతిగా నున్న మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996 అక్టోబరులో అర్జీ పెట్టెను. ఇంటింట నున్న విద్యకు అచ్చుపుట వెదకవలసివచ్చెను! సంస్కృతము, హిందీ, ఉర్దూ మొదలగు భాషలనుండి 32 ఆధారములు సమకూర్చిరి. భారత వైద్యసంఘ పత్రికలోని 1953 నాటి వ్యాసమొకటి యందుండెను. 1997లో కచేరి ఆ హక్కులను త్రోసిపుచ్చెను. 1998 ఏప్రిలులో రద్దు ధ్రువపత్రము వెలువడెను.

వేపనూనెతో బూజుతెగుళ్లను నివారించు పద్ధతికి ఐరోపా కచేరి 1994లో పేటెంటిచ్చినపుడు కథ వేరుగా నడచెను. అచట తొమ్మిది మాసములలో ఆక్షేపణ తెలుపవలయును. ఏ దేశమందైనను బహిరంగముగా జరిగిన వాడుకయు సాక్ష్యమే. వందనా శివ మొదలగువారు 1995లో ఆక్షేపించిరి. తాము ముందే వేపసారమును వాడితిమని ఒక భారతీయ పరిశ్రమ నిర్వాహకుడు మ్యూనిచ్చికి వచ్చి చెప్పిన సాక్ష్యము బలము చేకూర్చెను. 2000 మేలో పేటెంటు రద్దయ్యెను; 2005 మార్చిలో అప్పీలును వీగిపోయెను.

ఇక మన శాసనము. పేటెంటిచ్చిన ప్రకటన వెలువడిన యేడాదిలోపల సంబంధముగల యెవరైనను ఆక్షేపింపవచ్చును. ఏ స్థానిక సమాజమునందైనను నోటిమాటగా నున్న జ్ఞానము సయితము రద్దునకు కారణము కాగలదని మనవారు స్పష్టముగా వ్రాసికొనిరి.

పసుపు వ్యాజ్యపు అనుభవముతో 2001లో మన ప్రభుత్వము సంప్రదాయ జ్ఞానపు అంకగ్రంథాలయమును ఆరంభించెను. ఆయుర్వేదము, యునానీ, సిద్ధవైద్య గ్రంథములలోని యోగములను విదేశపు పరీక్షాధికారులు చదువగల భాషలలో అందు పొందుపరచిరి. మేలే జరిగినది. కాని అది గ్రంథస్థమైన విద్యకు మాత్రమే కావలి.

మా నాయనమ్మ మాటకు మన శాసనమున చోటు దొరకినది. ఏడాది గడువులో ఆ మాటను కచేరి గుమ్మము దాటించువారు కావలయును. అందుచే మన యూళ్ల పెద్దలు బ్రతికియుండగనే, వారి విద్యను తేదీతో, ఊరి పేరుతో వ్రాసి అచ్చొత్తించుట మన పని.