కోల్తిబువోనో మఠము: ద్రాక్షతోట విడిదియైన కథ

ఇటలీ దేశమున ఫ్లారెన్సు, సియెనా నగరముల నడుమ కొండలతోను లోయలతోను నిండిన ఒక చిన్న సీమ కలదు. దానిపేరు కియాంతి. ఆ సీమలో గయోలె అను ఊరికి కొలది కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున, అడవి నడుమ ఒక పాత రాతిమఠము నిలిచియున్నది. దానిని బదీయా ఆ కోల్తిబువోనో అందురు. బదీయా యనగా మఠము. కోల్తిబువోనో యనగా మంచి సాగు. నేడు అందు సన్యాసులు లేరు. వారు శయనించిన గదులలో దూరదేశముల నుండి వచ్చిన యాత్రికులు బస చేయుచున్నారు. వారికి భోజనశాల కలదు, పూలతోట కలదు, నేలమాళిగలో పీపాల వరుసలును కలవు. ద్రాక్షాసవము తీయు ఎస్టేటు ఒకటి పల్లెపట్టు విడిదిగా మారిన విధమును తెలిసికొనుటకు ఈ మఠము కంటె మంచి చోటు మాకు కానరాలేదు.

పదునొకండవ శతాబ్దమున జొవాన్ని గ్వాల్బెర్తో అను సాధువు ఫ్లారెన్సునకు తూర్పుగా వాల్లొంబ్రోసా అడవిలో ఒక సన్యాసి సంఘమును నెలకొల్పెను. ఆ సంఘమువారికి 1051లో కోల్తిబువోనో దక్కెను. వీరు బెనెడిక్టు మహాత్ముని నియమావళిని అనుసరించువారు. ఆ నియమావళిలో మన కథకు పనికివచ్చు విషయములు రెండున్నవి. సన్యాసికి దినమునకు ఒక కొలత చొప్పున ద్రాక్షాసవము పుచ్చుకొనవచ్చునని ఒకచోట అనుమతి కలదు. మఠద్వారమునకు వచ్చిన అతిథిని సాక్షాత్తు క్రీస్తునే ఆదరించినట్లు ఆదరింపవలెనని మరియొకచోట ఆదేశము కలదు. కావున ద్రాక్షయు అతిథియు ఆ మఠమునకు క్రొత్తగా వచ్చినవి కావు. అతిథి చేత సొమ్ము పుచ్చుకొనుట మాత్రమే క్రొత్త.

మఠము నిలిచిన ఎత్తు ద్రాక్షకు అనుకూలమైనది కాదు. చలి మెండు, ఎండ తక్కువ. ఎస్టేటు ద్రాక్షతోటలు దక్షిణముగా, చాల దిగువన, మోంతి అను గ్రామము చుట్టునున్న నేలలలో నున్నవి.

కియాంతి ఆనాడు ప్రశాంతమైన సీమ కాదు. ఫ్లారెన్సును సియెనాయు అనాదిగా వైరులు. ఈ కొండలు వారి సరిహద్దు. ఆ సరిహద్దును గూర్చి ఒక కథ చెప్పుకొందురు. కోడికూసిన వేళ ఇరుపక్షముల నుండియు ఒక్కొక్క రౌతు బయలుదేరవలెను, ఇరువురును ఎదురుపడిన చోట ఎల్ల నిర్ణయింపవలెను అని ఒప్పందమట. సియెనావారు తమ తెల్లకోడిని చక్కగా మేపిరి. అది కడుపునిండ తిని నిద్రించెను. ఫ్లారెన్సువారు తమ నల్లకోడిని చీకటిలో మూసి పస్తుంచిరి. అది ఆకలికి ఓర్వలేక తెల్లవారక మునుపే కూసెను. అందుచే కియాంతి దాదాపు అంతయు ఫ్లారెన్సు పాలయ్యెనట. ఇది కథయే. కాని 1384లో రాద్దా, గయోలె, కాస్తెల్లీనా ఊళ్ళు కలిసి ఏర్పరచుకొనిన కియాంతి సంఘమునకు నల్లకోడి చిహ్నమైన మాట చరిత్ర. 1924లో 33 మంది ఉత్పత్తిదారులు రాద్దాలో కూడి తమ ద్రాక్షాసవపు పేరును కాపాడుకొనుటకు సంఘము పెట్టినప్పుడును ఆ నల్లకోడినే ఎన్నుకొనిరి. ఈ రెంటికిని నడుమ 1716లో టస్కనీ ప్రభువు మూడవ కోసిమో మెదీచి ఒక శాసనము వెలువరించి, కియాంతి అను పేరు ఏ హద్దులలోపల పండినదానికి చెల్లునో నిర్ణయించెను. ద్రాక్షాసవమునకు ఊరిపేరును బట్టి ఎల్లలు గీసిన మొదటి శాసనములలో ఇది యొకటి.

సన్యాసులు ఏడువందల యేండ్లకు పైగా కోల్తిబువోనోలో ఉండిరి. 1810లో నెపోలియను ప్రభుత్వము మఠములను రద్దుచేయగా వారు వెడలిపోవలసివచ్చెను. ఆ పిమ్మట ఆస్తి చేతులు మారి, 1846లో గ్విదో జున్తీని అను ఫ్లారెన్సు బ్యాంకరు దానిని కొనెను. ఆయన సంతతివారైన స్తుక్కీ ప్రినెత్తి కుటుంబమువారే నేటికిని దాని యజమానులు. మఠము ధనవంతుని వేసవి విడిది అయ్యెను. చుట్టునున్న భూములు ఎస్టేటు అయ్యెను.

విడిది అతిథులకు చెప్పు చరిత్ర సాధారణముగా ఇంతటితో ఆగిపోవును: సన్యాసులు, పిమ్మట బ్యాంకరు, పిమ్మట అతని మనుమలు. ఆ కొండచరియలపై రాతికట్టలు పేర్చినదెవరు? ద్రాక్షతీగలకు కొమ్మలు కత్తిరించినదెవరు? గంపలు మోసినదెవరు? వారిని గూర్చి కొంత సావధానముగా చెప్పుకొనవలసియున్నది.

టస్కనీలో భూములు మెజ్జద్రియా పద్ధతిపై సాగెడివి. మన రైతులు సంగోరు అనునది ఇట్టిదే. భూమియు ఇల్లును కామందువి, చాకిరి సాగుదారు కుటుంబమునది, పంట చెరిసగము. అయితే మన సంగోరు సాగుదారునకు ఊరిలో సొంత గుడిసెయైన ఉండును. టస్కనీ సాగుదారు కాపురమున్న ఇల్లు సయితము కామందుదే. ప్రతి కమతమునకును నడుమ ఒక రాతియిల్లు: క్రింద ఎడ్లకు శాల, పైన మనుష్యులకు వంటిల్లు, పడకగదులు, ముంగిట కళ్ళము. ఒక్కొక్క ఇంట తాత మొదలు మనుమల వరకు పది పండ్రెండుగురు ఉండెడివారు. ఇంటిపెద్దను కపోచ్చా అందురు. బయటి పెత్తనమంతయు ఆతనిది. కోళ్ళు, గ్రుడ్లు, వంట, ఆడపిల్లల పని ఇంటి పెద్దామె చేతిలోనివి. కమతములు పదియో ఇరువదియో కలిసి ఒక ఎస్టేటు. దానిపై ఒక కార్యస్థుడు. అతని యొద్ద ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క లెక్కపుస్తకము. ఒకయేడు పంట చాలక గింజలు అప్పుపుచ్చుకొన్న, అది ఆ పుస్తకములోనికి ఎక్కి, మరుసటి యేటికి పాకుచుండెను. ఇంట పెండ్లి చేయవలెనన్నను కామందు సమ్మతి కావలెను, ఏలయన క్రొత్త కోడలు వచ్చిన తినునోరు ఒకటి పెరుగును, పనిచేయు చేతులు రెండు పెరుగును. ఆ లెక్క ఆయన చూచుకొనవలెను.

ఈ పద్ధతి పంటను సయితము తన రూపున దిద్దెను. సాగుదారునకు తిండి కావలెను గనుక ఒకే పొలమున గోధుమ, ఆలివు, ద్రాక్ష కలిసి పెరిగెడివి. ద్రాక్షతీగను మేపుల్ చెట్టుకు ప్రాకించెడివారు. తీగలవరుసల నడుమ గోధుమ చల్లెడివారు. నేడు యాత్రికుడు కియాంతి అనగానే తలచుకొను తీర్చిదిద్దిన ద్రాక్షవరుసలు ప్రాచీనమైనవి కావు. వాటిలో చాలభాగము 1960 తరువాత నాటినవే.

గయోలె పరిధిలోనే బ్రోలియో కోట యున్నది. దాని ప్రభువు బెత్తీనో రికాసోలి (1809-1880) ఏకమైన ఇటలీకి రెండవ ప్రధానమంత్రి. కఠినుడని ప్రసిద్ధి. ఒక నాట్యవిందులో తన భార్యను ఒక యువకుడు మిక్కిలిగా పలుకరించెనని, ఆ రాత్రియే ఆమెను బండియెక్కించి ఈ కొండలకు తీసికొనివచ్చి కాపురముంచెనని జనశ్రుతి. నిజానిజములు ఎట్లున్నను ఆయన బ్రోలియోలో కూర్చుండి ద్రాక్షాసవమును శాస్త్రముగా పరిశీలించెను. 1872లో పీసా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చేజరె స్తుదియాతికి వ్రాసిన లేఖలో తన పాలు తెలిపెను: సాంజొవేజె ద్రాక్ష వలన పరిమళము, బలము, కనయోలో వలన మార్దవము, మల్వాజీయా అను తెల్లద్రాక్ష వెంటనే త్రాగదగినదానికి మాత్రము చాలును, నిలువయుంచదలచినదానికి అనవసరము. ఈ చివరిమాటను పిమ్మటివారు మరచిరి. ఆ మరపునకు కియాంతి చాల మూల్యము చెల్లించెను.

1944 వేసవిలో యుద్ధము ఈ కొండల మీదుగా ఉత్తరమునకు సాగెను. యుద్ధానంతరము సాగుదారులు తలలెత్తిరి. సమ్మెలు జరిగెను. 1947 ఒడంబడిక వలన వారి పాలు సగము నుండి నూటికి 53 అయ్యెను. 1964లో ప్రభుత్వము చట్టము చేసి, క్రొత్తగా సంగోరు ఒప్పందములు వ్రాసికొనరాదని నిషేధించి, ఉన్నవారి పాలును 58కి పెంచెను. పాత ఒప్పందములను కౌలుగా మార్చు చట్టము 1982లో వచ్చెను. కాని చట్టము న్యాయము చేయునాటికే సాగుదారులు చాలమంది వెడలిపోయిరి. 1956 ఫిబ్రవరి మంచుకు ఆలివుచెట్లు మాడెను. ఇండ్లలో చాలవాటికి విద్యుచ్ఛక్తి లేదు, నీటికొళాయి లేదు. లోయలలోని పట్టణములలో కర్మాగారములు నెలజీతము ఇచ్చుచుండెను. సంగోరు ఇంటికి కోడలుగా పోవుటకు పిల్లలు ఒప్పుకొనరైరి. ఈ కడపటి మాటను చరిత్రకారులు చట్టములకు తక్కువగా ఎంచరాదని మా అభిప్రాయము. పది పదునైదేండ్లలో కొండలు నిర్జనములయ్యెను. కొన్ని పొలములలోనికి సార్దీనియా ద్వీపపు గొఱ్ఱెలకాపరులు వచ్చిరి. తక్కినవానిలో ముండ్లపొదలు పెరిగెను.

కామందులకును కష్టకాలము వచ్చెను. ఉచితముగా దొరకిన చాకిరికి ఇప్పుడు కూలి చెల్లింపవలెను. వారు కలగలుపు పొలములను దున్నించి ట్రాక్టరునకు వీలుగా ద్రాక్షను వరుసలుగా నాటించిరి. తొందరలో నాణ్యము కంటె రాశినే చూచిరి. 1967లో ప్రభుత్వము కియాంతికి నిర్ణయించిన నియమములలో తెల్లద్రాక్షను నూటికి పదికి తక్కువగాక, ముప్పదికి మించక కలుపవలెనని విధించెను. రికాసోలి లేఖలోని హెచ్చరికకు ఇది విరుద్ధము. గడ్డియల్లిన బుడ్డిలో పలుచని ద్రాక్షాసవము ప్రపంచమంతట చవుకగా అమ్ముడయ్యెను, పేరు చెడెను. 1984లో నియమములు కఠినమయ్యెను. 2006 పంట నుండి కియాంతి క్లాసికోలో తెల్లద్రాక్ష పూర్తిగా నిషిద్ధమయ్యెను.

ఇంతలో ఖాళీయిండ్లకు క్రొత్త గిరాకి పుట్టెను. ఆంగ్లేయులు, జర్మనులు, స్విట్జర్లండువారు వాటిని కొనసాగిరి. కొందరు ఎస్టేటుదారులు తామే మరమ్మతుచేసి అద్దెకిచ్చిరి. 1985 జనవరిలో మరల ఘోరమైన మంచు పడి టస్కనీ ఆలివుతోటలలో అత్యధికభాగము మాడిపోయెను. నరికిన మొదళ్ళ నుండి పిలకలు లేచువరకు నూనె లేదు, నూనెపై రాబడి లేదు. ఆ యేడే డిసెంబరులో అగ్రితూరిస్మో చట్టము వచ్చెను. సేద్యము చేయువాడు అతిథులకు బస, భోజనము ఇచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. కాని సేద్యమే ముఖ్యవృత్తిగా నుండవలెను, విడిది దానికి తోడుగా మాత్రమే నుండవలెను అని ఆ చట్టపు సారము. పొలము విడిచి హోటలు మాత్రము నడుపుదునన్నవానికి అందు చోటు లేదు. ఈ ఒక్క షరతు కియాంతి కొండలను బంగళాల పేటగా మారకుండ చాలవరకు కాపాడెనని మేము భావింతుము.

కోల్తిబువోనోలో 1980ల దశకమున ఇంటి యజమానురాలు లొరెంజా దె మెదీచి వంటపాఠశాల ఒకటి తెరచెను. ఆమె వంటపుస్తకములు వ్రాసి, అమెరికా టెలివిజనులో కనుపించి ఖ్యాతి నొందిన రచయిత్రి. అమెరికా నుండియు ఇతర దేశముల నుండియు వచ్చినవారు ఆ మఠపు వంటింట నిలిచి టస్కనీ వంటలు నేర్చుకొనిరి. టస్కనీ వంటలలో పేరుపొందినవి ఏవి? నిలువయైన ఉప్పులేని రొట్టెను ఆకుకూరలతో, చిక్కుడుగింజలతో ఉడికించిన పులుసు. అదే రొట్టెను నీట తడిపి ఉల్లిపాయ, టొమాటోతో కలిపిన తిండి. సాగుదారు ఇంటి పెద్దామె ఏమియు పారవేయలేక కనిపెట్టిన చద్ది అది. ఇప్పుడు దానికి విదేశములలో పాఠములు కలవు, పుస్తకములు కలవు.

1990ల చివర మోంతిలో క్రొత్త పీపాలశాల కట్టబడెను. తోటలు కృత్రిమ ఎరువులు, విషపు మందులు లేని పద్ధతికి మారెను. పాత తోటలలోని సాంజొవేజె తీగల నుండి కొమ్మలు ఏరి మరల నాటిరి. ఆ తీగలు సంగోరు నాటివి. యాత్రికుల సొమ్ము లేకున్న ఈ పనులు ఇంత త్వరగా జరిగియుండునా యన్నది సందేహమే. మఠపు పైకప్పు నిలుచుటకును, చుట్టునున్న అడవి నరకబడకుండుటకును అదియే ఆధారము. కావున విడిదిని నిందించుట మాకు సమ్మతము కాదు. ఆనాటి సాగుదారు ఇంటి దారిద్ర్యమును మరుగుపరచి, కిటికీలో పూలకుండి పెట్టి, ఇదియే పూర్వపు పల్లెజీవనమని చూపుట మాత్రము సరికాదు. ఎడ్లశాలను భోజనశాల చేసిన ఇండ్లు కియాంతిలో ఎన్నో యున్నవి; గోడలకు కట్టుత్రాళ్ళ ఇనుపకడియములు ఇంకను కానవచ్చును. వాటిని చూచి అడుగు అతిథికి గృహస్థు ఆ కుటుంబము పేరును, వారు ఏ యేట ఇల్లు విడిచిరో ఆ మాటను చెప్పగలిగిన బాగుండును. లెక్కపుస్తకములు అనేక ఎస్టేటుల దస్త్రములలో భద్రముగనే యున్నవి.

సెప్టెంబరు చివరను, అక్టోబరులోను కియాంతిలో ద్రాక్షకోత జరుగును. విడుదులు అప్పుడు అతిథులతో నిండియుండును. గంపలు పట్టి తోటలలోనికి దిగువారు ఇప్పుడు చాలవరకు ఆల్బేనియా, రుమేనియా మొదలగు దేశముల నుండి వచ్చిన కూలీలు. వారు తెల్లవారుజామున క్రింది పట్టణముల నుండి బండ్లలో వత్తురు, సాయంకాలమునకు మరలిపోవుదురు.