తాలీము నుండి ఫ్రాంచైజీ వరకు

షోలాపూర్ తూర్పు భాగం తెలుగు పద్మశాలీల నేతపేట. తాలీము అనగా ఇక్కడివారికి మట్టి గోదా, దండీలు, బస్కీలు, ఉస్తాదు శిక్షణ. అది పేట సొత్తు, వ్యాపారం కాదు.

వ్యాయామశాల వ్యాపారంగా ఎదిగినందుకు మహారాష్ట్రలో ప్రసిద్ధ ఉదాహరణ తల్వాల్కర్స్. 1932లో విష్ణుపంత్ తల్వాల్కర్ ముంబైలో తొలి జిమ్ము స్థాపించారు. అనంతరం అనేక నగరాలలో శాఖలు వెలసినవి. కొన్ని ఫ్రాంచైజీ పద్ధతిన నడిచినవి. 2010లో సంస్థ వాటాలు స్టాక్ మార్కెట్టుకెక్కినవి. 2019లో అప్పుల చెల్లింపు తప్పినది, పలు శాఖలు మూతపడినవి.

ఫ్రాంచైజీ అనగా సంస్థ పేరు వాడుకొనుటకు ప్రవేశ రుసుము, ఆపై సాధారణంగా రాబడిలో వాటా చెల్లించు ఒప్పందం. అద్దె, యంత్రాలు, జీతాల భారం చాలావరకు తీసుకున్నవారిదే. కనుక మగ్గాలు కుదువపెట్టి సంతకం చేయుటకు పూర్వమే, సంస్థ మూతపడినచో రుసుము తిరిగి వచ్చునా, యంత్రాలు ఎవరికి చెందును అనునవి ఒప్పందంలో చూచుకొనవలెను.