దళారిని దాటిన బజారు

అవనిగడ్డ చుట్టుపక్కల లంక పొలాల్లో కాసిన వంకాయ అవనిగడ్డ వంటింటికి చేరడానికి ఎంతసేపు పట్టాలి? పొద్దున కోస్తే మధ్యాహ్నానికి కూరైపోవాలి. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలై దివిసీమను ఒడిలో పెట్టుకుంది. ఆ ఏటి ఒండ్రులో అరటి, కంద, పసుపు, కాయగూరలు ఏపుగా పండుతాయి. అయినా పాత పద్ధతిలో ఆ వంకాయ ముందు పట్నం టోకు మార్కెట్టుకు వెళ్లాలి. అక్కడ కమీషను వ్యాపారి పాట పెడతాడు, చిల్లర వ్యాపారి కొంటాడు, ఆ తర్వాతే మన సంచీలో పడుతుంది. చేయి మారినప్పుడల్లా ధర పెరుగుతుంది, పండించినవాడి వాటా తప్ప.

ఊరి సంతలో రైతు తన సరుకు తానే అమ్ముకోవడం మనకు తరతరాల అలవాటు. పట్నాలు పెరిగాక ఆ సంబంధం తెగింది. 1966లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం తూకాన్నీ వేలాన్నీ గాడిలో పెట్టాలని చూసింది. ధాన్యమైతే నాలుగు రోజులు ఆపుకోవచ్చు. సాయంత్రానికి వాడిపోయే గోంగూర కట్టతో బేరమాడే ఓపిక రైతుకు ఎక్కడిది?

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. రైతు నేరుగా అమ్ముకోవడాన్ని ప్రోత్సహిస్తూ అమెరికా 1976లో ఏకంగా చట్టమే చేసింది. మన దేశంలో 1987లో పంజాబ్ వైపు ‘అప్నీ మండీ’లు మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం 1999 జనవరి 26న రైతుబజార్లకు శ్రీకారం చుట్టింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది. మచిలీపట్నం, గుడివాడల్లోనూ రైతుబజార్లు వెలిశాయి.

రైతుబజారు గొప్పతనం దాని ఏర్పాటులో ఉంది. రైతు ఎవరో, అతనికి పొలం ఎక్కడుందో, అందులో ఏ పంట ఉందో అధికారులు చూసి ఫొటో అతికించిన గుర్తింపు కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాడికి దుకాణం అద్దె లేదు, మార్కెట్ రుసుము లేదు, తక్కెడ కూడా ఉచితమే. తెల్లవారుజామున టోకు మార్కెట్ ధరలు తెలుసుకుని ఆ రోజు రేటు నిర్ణయిస్తారు. టోకు కంటే ఎక్కువ, బయటి చిల్లర కంటే తక్కువ. దాన్ని గేటు దగ్గర బోర్డు మీద అందరికీ కనిపించేలా రాస్తారు. రైతుకూ కొనేవాడికీ కొంత కొంత కలిసొచ్చే ఇంత సులువైన లెక్క మరో ప్రభుత్వ పథకంలో నాకు కనబడలేదు.

రైతు తన పొలంలోది తానే తెచ్చే చోట దొరికేది ఆ కాలపు పంటే. అలా కాలానికి తగ్గ తిండి మన పండుగల్లోనే ఉంది. ఉగాది నాటికి వేపపూత, మామిడి పిందె వస్తాయి. రథసప్తమికి సూర్యుడి రథం చిక్కుడుకాయలతోనే కట్టాలి, ఎందుకంటే మాఘమాసం వాటి కాపు కాలం. డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందే ఆ పైరులోనే మినుము చల్లుతారు. నేలలో మిగిలిన తడికే అది పండుతుంది. అక్టోబరులో మామిడికాయ కావాలని మారాం చేసే అలవాటు మనకు ఈమధ్య పట్టుకున్నదే.

అయితే రైతుబజారులో ఒక్క లోటు మాత్రం ఉంది. కార్డు ‘ఎవరు పండించారు’ అన్నది చెబుతుంది, ‘ఎలా పండించారు’ అన్నది చెప్పదు. రైతుబజారు పుట్టింది ధర కోసం. పురుగుమందు సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ పని వేరే దారిలో సాగింది. 2004 నుంచి మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం పల్లెల్లో వ్యాపించింది. 2016లో రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని చేపట్టింది. బీజామృతంతో విత్తనశుద్ధి, ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి జీవామృతం, పురుగుకు నీమాస్త్రం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం, ఇవీ ఆ సేద్యం పద్ధతులు. ఈ కృషికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారంలో వాటా దక్కింది.

నమ్మకానికి దారి కూడా ఉంది. పీజీఎస్ అనే భాగస్వామ్య హామీ పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు జట్టు కట్టి, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుని సేంద్రియ ధ్రువీకరణ పొందవచ్చు. చిన్న రైతు నేరుగా తినేవాడికే అమ్ముకుంటే ఆ పత్రం కూడా తప్పనిసరి కాదని 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి. అంటే అడిగే బాధ్యత కొనేవాడిదే.

అందుకే మచిలీపట్నం, గుడివాడ బజార్లకు వెళ్లే తల్లులకూ అయ్యలకూ నా మనవి: రేటు ఎలాగూ బోర్డు మీద ఉంటుంది, బేరం మానండి. ‘ఏ ఊరు బాబాయ్, ఏం మందు కొట్టారు?’ అని అడగండి. అధికారులూ రేట్ల బోర్డు పక్కనే ప్రకృతి సేద్యం రైతుల పేర్లు, ఊళ్లు రాయించి, వాళ్లకు గేటు దగ్గరే చోటివ్వాలి.