కింద నిప్పు, పైన నిప్పు

మా తాత గుంతకల్లు నుంచి హుబ్బళ్ళి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరడానికి వచ్చాడు. అప్పటినుంచి మాది ఈ ఊరే. రైలుదారి మాత్రం హుబ్బళ్ళితో ఆగలేదు. లోండా, క్యాసిల్ రాక్ దాటి, కనుమలు దిగి, 1880లలోనే మార్ముగావ్ రేవుకు చేరింది. ఆ దారినే గోవా కొంకణివాళ్ళు ఉద్యోగాలకు పైకి వచ్చారు. క్వార్టర్సులో గోడకు ఇవతల మా తెలుగు, అవతల వాళ్ళ కొంకణి. బెబింకా అనే పొరల మిఠాయి మా ఇంటికి ఆ గోడ మీదుగానే వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట వచ్చింది బెబింకా కాదు, తెల్లసొన. బెబింకాకు పచ్చసొనలే కావాలి, పదికి తగ్గితే కుదరదు. మిగిలిన తెల్లసొనను పక్కింటి ఆంటీ గిన్నెలో పోసి మా అమ్మకు అందించేది. క్రిస్మసుకు ముందు రెండు రోజులు మా ఇంట్లో తెల్లటి ఆమ్లెట్లే.

గోవాలో చెప్పుకునే కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. పాత గోవాలో సాంతా మోనికా కన్యాస్త్రీల మఠం 1606లో మొదలైంది. అక్కడ దుస్తులకు గంజి పెట్టడానికి తెల్లసొన వాడేవారట. వృథా పోతున్న పచ్చసొనతో బెబియానా అనే కన్యాస్త్రీ ఈ మిఠాయి చేసిందట. లిస్బనుకూ పాత గోవాకూ ఉన్న ఏడేడు కొండల గుర్తుగా ఏడు పొరలు వేస్తే, పాద్రీలు చిన్నదిగా ఉందన్నారట. దాంతో పొరలు పెరిగాయట. ఇన్ని 'అట'ల మీద చరిత్ర నిలబడదు గాని, పోర్చుగల్ మఠాల్లో పచ్చసొన, పంచదార కలిపిన మిఠాయిలకు పెద్ద పేరున్న మాట నిజమే.

నా అభ్యంతరం వేరు. ఆ కథ గుడ్డు సంగతి చెబుతుంది, కొబ్బరిపాల సంగతి చెప్పదు. ఫిలిప్పీన్సులో బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసేదాన్ని బిబింగ్కా అంటారు. దాన్ని మట్టిపాత్రలో, కింద నిప్పు, పైన నిప్పు పెట్టి కాలుస్తారు. మకావులో బెబింకా అంటే పాలతో చేసే మిఠాయి. (2024 సెప్టెంబరులో షాంఘైని కొట్టిన తుపానుకు ఉన్నది ఆ మకావు పేరే.) ఇండోనేషియాలో డచ్చివారి కాలం నుంచి పొరపొరగా కాల్చే కేకు ఉంది. ఓడలు తిరిగిన దారి పొడుగునా ఇన్ని వంటిళ్ళుండగా, మొత్తం ఘనతను ఒక్క మఠానికి కట్టబెట్టడం నాకు నచ్చదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు ఏ రికార్డులోకీ ఎక్కవు కాబట్టి ఇలాంటి కథలు పుడతాయి.

కూర్చోవడమంటే మామూలు కూర్చోవడం కాదు. పచ్చసొనలు, పంచదార, చిక్కటి కొబ్బరిపాలు, మైదా, జాజికాయ పొడి కలిపి జారుగా చేసుకోవాలి. గిన్నెలో నెయ్యి వేడిచేసి ఒక గరిటె పొయ్యాలి. మూతమీద కొబ్బరిచిప్పల నిప్పులు పరవాలి. పైభాగం ఎర్రగా మచ్చలు తేలాక మూత తీసి, చెంచాడు నెయ్యి వేసి, మరో గరిటె. కింది పొర కాలకముందే పోస్తే రెండూ కలిసిపోతాయి. పైనుంచి కాలాలి గనక కింద కుంపటి మందంగానే ఉండాలి. ఏడు పొరలకే ఒక పూట పడుతుంది, పదహారంటే రోజంతా. చల్లారాక బోర్లించి కోస్తే ముక్క పక్కన గీతలు కనిపిస్తాయి. మేం పిల్లలం వాటిని లెక్కపెట్టిగాని తినేవాళ్ళం కాదు.

1955లో గోవా సరిహద్దు మూతపడింది. రైళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా పండక్కి సాల్సెట్ తాలూకాలోని పుట్టింటికి వెళ్ళే ఆంటీ ఆ తర్వాత వెళ్ళలేకపోయింది. 1961 డిసెంబరులో గోవా విముక్తమయ్యేదాకా ఆరు క్రిస్మసులు హుబ్బళ్ళిలోనే. మా అమ్మ ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నది ఆ ఏళ్ళలోనే. విన్నది విన్నట్టు కొంకణి మాటల్లోనే, తెలుగు అక్షరాల్లో రాసుకుంది. గుడ్లు 'తాంతియాం', కొబ్బరిపాలు 'రోస్'. కొంకణిని చర్చివాళ్ళు రోమన్ లిపిలో రాస్తారు, కర్ణాటకలో కన్నడ లిపిలో రాస్తారు. 1987లో గోవా అధికారభాషా చట్టం దేవనాగరికి పట్టం కట్టింది. మా అమ్మ నోటుబుక్కు సంగతి ఏ చట్టానికీ తెలియదు.

2023లో గోవా బెబింకాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు ఆంటీ మనవరాలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళింట్లో ఎవరూ రాసి పెట్టుకోలేదట. నోటుబుక్కు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. తెలుగు రాదు. నా మనవరాలికి ఇద్దామంటే, దానికీ చదవడం రాదు. ఇంగ్లీషు, కన్నడమే. చివరికి నేనే అద్దాలు పెట్టుకుని పైకి చదివాను. అర్థం తెలియని మాటలు నేను పలుకుతుంటే, ఆ పిల్ల నవ్వుతూ సరిదిద్దుతూ రోమన్ అక్షరాల్లో రాసుకుంది.

ఒక్కచోట ఆగిపోయాం. కొబ్బరిపాలు, పంచదార, మైదా, అన్నిటి కొలతా అమ్మ 'ఆంటీ పచ్చ గ్లాసు'తో రాసింది. ఆ గాజుగ్లాసు వాళ్ళింట్లోనూ లేదు, మా ఇంట్లోనూ లేదు. ఇంత ఉండేదని చేత్తో ఎత్తు చూపించాను. ఆ పిల్ల సంచిలోంచి టేపు తీసి నా వేళ్ళ మధ్య దూరం కొలుచుకుంది.