రోల్స్ రాయిస్‌తో చెత్త ఎత్తించిన మహారాజు

ఈ కథ మీకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఒకప్పుడు ఆఫీసు మెయిళ్ళలో ఫార్వర్డుగా తిరిగేది, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. ఒక మహారాజు లండన్ వెళ్తాడు. మామూలు బట్టలేసుకుని రోల్స్ రాయిస్ షోరూంలో అడుగుపెడతాడు. సేల్స్‌మన్ ఈయన్ని చూసి ఎవరో బీద ఇండియన్ అనుకుని బయటికి దారి చూపిస్తాడు. రాజుగారికి ఒళ్ళు మండి, హోటల్‌కెళ్ళి రాజు వేషంలో తిరిగొచ్చి, షోరూంలో ఉన్న కార్లన్నీ కొనేస్తాడు. వాటిని ఓడలో ఊరికి తెప్పించి, మునిసిపాలిటీకిచ్చి చెత్త ఎత్తడానికి వాడమంటాడు. ప్రపంచమంతా నవ్వుతుంది, కంపెనీ అమ్మకాలు పడిపోతాయి, చివరికి కంపెనీ క్షమాపణ చెప్తూ టెలిగ్రాం కొడుతుంది. కథ కంచికి, మనం ఇంటికి.

చదవగానే ఛాతీ ఉప్పొంగుతుంది, కాదనను. కానీ ఈ కథలో హీరో మాత్రం నిలకడగా ఉండడు. ఒక వెర్షన్‌లో ఆళ్వార్ రాజు, ఇంకో దాంట్లో పటియాలా, మరో దాంట్లో భరత్‌పూర్, మనవాళ్ళు పంపేదాంట్లో హైదరాబాద్ నిజాం. నిజంగా జరిగిన సంఘటనకి మనిషీ, ఊరూ, సంవత్సరం ఇలా మారిపోవు కదా! ఆధారం లేని కథ ఇది.

సరే, అబద్ధమని తేల్చేసి ఊరుకోవచ్చు. కానీ ఈ కథ అడుగున ఒక నమ్మకం ఉంది. అంత ఖరీదైన కారు పరువు దాన్ని కొన్నవాడి చేతిలో ఉంటుందని, పేరున్నవాడు తలుచుకుంటే ఆ పరువు తీసేయగలడని. ఇది నిజమేనా? రోల్స్ రాయిస్‌కి నూటిరవై ఏళ్ళ చరిత్ర ఉంది, దాని ఓనర్లలో రకరకాల మనుషులున్నారు కాబట్టి పరీక్షించి చూడొచ్చు.

మొదట్లో ఈ కారు పరువుకి ఓనర్లతో పెద్దగా పని లేదు. 1904 మేలో మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో చార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ కలిశారు. రోల్స్ జమీందారీ కుటుంబం నుంచి వచ్చి కార్లు అమ్మేవాడు, రాయిస్ చిన్నప్పటి నుంచీ కష్టపడి పైకొచ్చిన మెకానిక్. వీళ్ళిద్దరి మధ్య క్లాడ్ జాన్సన్ అని ఒక మేనేజరు. రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య ఉన్న అడ్డగీత ఆయనే అని అప్పట్లో అనేవారట. 1907లో 'సిల్వర్ గోస్ట్' అనే కారుని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల ఎదుట 15,000 మైళ్ళు నడిపించారు. లండన్, గ్లాస్గో మధ్య ఒకటే తిరుగుడు. తర్వాత కారు విప్పదీసి, అరిగిన భాగాలు మార్చడానికి ఎంతవుతుందో లెక్కేస్తే రెండు పౌన్లకి కాస్త పైన తేలింది. మన భాషలో చెప్పాలంటే, బయటి ఆడిటర్లని కూర్చోబెట్టుకుని లోడ్ టెస్టు చేసి, రిపోర్టుని పేపర్లకిచ్చారన్నమాట. 'ప్రపంచంలో అత్యుత్తమ కారు' అన్న పేరు అలా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే కారుకి ఉక్కు తొడుగు వేసి అరేబియా ఎడారిలో నడిపారు. అక్కడా మొరాయించలేదు.

ఆ తర్వాత ఓనర్లు వచ్చారు. వాళ్ళకి ఇంజిన్‌తో పెద్ద పని లేదు.

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకి ఆ పసుప్పచ్చ సిల్వర్ గోస్ట్ గుర్తుండే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తుగా సింహాసనంలాగా ఉంటుంది. బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. రంగు ఆసఫ్‌జాహీ జెండా రంగు. కారు వచ్చేసరికి ఆర్డరిచ్చినాయన లేడు, 1911 ఆగస్టులో పోయాడు. అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ వాటాకొచ్చింది. ఈయన 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకెక్కిన మనిషి, ప్రపంచంలో అత్యంత ధనవంతుడన్న పేరుతో. పిసినారి అన్న పేరు దానికంటే పెద్దది. ఆ సింహాసనం కారు ఉత్సవాలకి తప్ప బయటికి రాలేదు. ఇన్నేళ్ళలో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళు, అంతే. పదిహేను వేల మైళ్ళు నడిచి పేరు తెచ్చుకున్న కారు, మన ఊరొచ్చాక నడవకుండా పేరు నిలబెట్టుకుంది! పరువు ఇంజిన్ నుంచి సీటుకి మారిన చోటు ఇదే అని నాకనిపిస్తుంది.

ఇంకో ఓనరు లెనిన్. అవును, ఆ లెనినే. మాస్కో దగ్గర గోర్కిలోని మ్యూజియంలో ఆయన వాడిన రోల్స్ రాయిస్ ఇప్పటికీ ఉంది. మంచులో నడవడానికి వెనక చక్రాల బదులు ట్యాంకులకుండే లాంటి పట్టీలు, ముందు స్కీలు బిగించారు. రాజుల్ని దించేసిన ప్రభుత్వం కూడా నాయకుడికి రాజుల కారే ఇచ్చింది. దీనివల్ల లెనిన్‌ని వెక్కిరించినవాళ్ళున్నారేమో గానీ, కారుని తక్కువ చేసినవాళ్ళు లేరు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

కంపెనీ కూడా ఓనర్లని ఏరుకోవాలని చూసిన రోజులున్నాయి. 1950లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్‌కి ఫాంటమ్ 4 ఇచ్చారు. అది రాజవంశాలకీ, దేశాధినేతలకీ మాత్రమే. 1956 దాకా చేసినవి మొత్తం 18. స్పెయిన్ నియంత ఫ్రాంకోకి మాత్రం మూడు దొరికాయి. అంటే ఆ వడపోత పదవిని చూసిందే తప్ప మనిషిని చూడలేదు.

ఆ తర్వాతి మోడల్ ఫాంటమ్ 5 అయితే డబ్బున్న ఎవరికైనా అమ్మారు. 1965లో జాన్ లెనన్ కొన్నాడు. లివర్‌పూల్ కుర్రాడు, గిటారు వాయిస్తాడు. కారు నల్లగా, గంభీరంగా వచ్చింది. 1967లో దాన్ని చెర్ట్సీలో ఒక షెడ్డుకి పంపి పసుపు రంగేయించి, దాని మీద పువ్వులు, తీగలు, రాశి చక్రం గుర్తులు గీయించాడు. మన లారీల వెనక చూస్తామే, అంత కళగా. లండన్‌లో ఒక పెద్దావిడ గొడుగుతో ఆ కారు మీద దాడి చేసిందని ఒక కథ కూడా ఉంది. ఫార్వర్డు మెయిల్ లాజిక్ ప్రకారం అప్పుడు కంపెనీ పరువు పోయి ఉండాలి. పోలేదు. 1985లో అదే కారు వేలంలో దాదాపు 23 లక్షల డాలర్లకి పోయింది. వేలంలో ఒక కారుకి అప్పటిదాకా అంత ధర రాలేదు. ఇప్పుడది కెనడాలో విక్టోరియా నగరపు మ్యూజియం సొత్తు.

ఇక రజనీష్. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా బాగానే చదివారు కాబట్టి పరిచయం అక్కర్లేదు. 1981లో అమెరికా వెళ్ళి, ఒరెగాన్‌లో వేల ఎకరాల్లో ఆశ్రమం కట్టి, నాలుగేళ్ళలో 93 రోల్స్ రాయిస్‌లు పోగేశాడు. భక్తులు దారికి అటూ ఇటూ నిలబడేవారు, ఆయన మెల్లగా నడుపుకుంటూ వాళ్ళ మధ్య నుంచి వెళ్ళేవాడు. కొన్ని కార్ల మీద బొమ్మలు కూడా వేయించారు. 1984లో ఆశ్రమం పెద్దలు పక్క ఊళ్ళో హోటళ్ళ సలాడ్లలో సాల్మొనెల్లా కలిపి 751 మందిని జబ్బు పడేశారు. 1985లో రజనీష్ అరెస్టయ్యాడు, ఆశ్రమం మూతపడింది. ఇంతకంటే చెడ్డ పబ్లిసిటీ ఏ కారుకైనా వస్తుందా? అయినా ఆ కార్లని టెక్సాస్ డీలరు ఒకాయన కొని, వాటి పేరు చెప్పుకునే అమ్ముకున్నాడు.

ఇప్పుడు లెనిన్ దగ్గర వదిలేసిన ముక్క. ఓనరు మంచి పేరు కారుకి అంటుకుంటుంది, చెడ్డ పేరు మాత్రం అంటుకోదు. ఎందుకని? నాకు తోచిన కారణం ఇదీ. రోల్స్ రాయిస్ ఎప్పుడో వస్తువుగా ఉండటం మానేసి కొలబద్ద అయిపోయింది. రజనీష్‌ని తిట్టాలంటే 'తొంభైమూడు రోల్స్ రాయిస్‌లండీ' అనాలి. 'తొంభైమూడు కార్లు' అంటే ఆ తిట్టు పండదు. తిట్టేవాడు కూడా ఆ కారే అన్నిటికంటే గొప్పదని ఒప్పుకునే తిడుతున్నాడు. తూకం రాయితో ఎవడు మోసం చేసినా తిట్లు కొట్టువాడికే గానీ రాయికి కాదు కదా.

మన దేశంలోనూ ఇదే జరిగింది. తమిళ నటుడు విజయ్ 2012లో తెప్పించుకున్న గోస్ట్ కారుకి ఎంట్రీ టాక్స్ మినహాయించమని మద్రాసు హైకోర్టుకెళ్తే, 2021 జులైలో జడ్జిగారు లక్ష రూపాయల జరిమానా వేసి ఘాటుగా వ్యాఖ్యానించారు (ఆ వ్యాఖ్యల్ని 2022 జనవరిలో డివిజన్ బెంచ్ తీసేసింది). చర్చంతా హీరో గురించే. అమితాబ్ బచ్చన్‌కి 2007లో దర్శకుడు విధు వినోద్ చోప్రా ఇచ్చిన ఫాంటమ్ సంగతీ అంతే. బచ్చన్ దాన్ని 2019లో అమ్మేశాడు. 2021 ఆగస్టులో బెంగళూరులో రవాణా శాఖవాళ్ళు పట్టుకున్న కార్లలో అదీ ఉంది, కాగితాల్లో ఇంకా బచ్చన్ పేరుతోనే. హెడ్‌లైన్లు బచ్చన్ మీదే!

అన్ని కంపెనీలకీ ఈ వెసులుబాటు లేదు. ఫెరారీని చూడండి. 2014లో డెడ్‌మౌస్ అనే కెనడా సంగీతకారుడు తన ఫెరారీకి నీలం రంగు తొడుగేసి, ఇంటర్నెట్ పిల్లి బొమ్మ అంటించి, గుర్రం బ్యాడ్జి బదులు పిల్లి బ్యాడ్జి పెట్టి, దానికి 'పర్రారీ' అని పేరు పెడితే, కంపెనీ లాయర్ల నుంచి నోటీసొచ్చింది. లెనన్ చేసిందానికీ దీనికీ తేడా ఏంటి? ఫెరారీ పరువు రేసుల్లో ఉంది, నడిపేవాడిలో ఉంది. నడిపేవాడు కోతి వేషాలేస్తే అది బొమ్మ కారైపోతుంది. రోల్స్ రాయిస్‌లో ఓనరు వెనక కూర్చుంటాడు. వాడు మహారాజైనా, పాటగాడైనా, బాబా అయినా కారుకి ఒకటే.

మరి రోల్స్ రాయిస్‌కి దెబ్బ తగల్లేదా? తగిలింది, కానీ ఓనర్ల నుంచి కాదు. 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. కారణం కార్లు కాదు, ఆర్‌బీ211 అనే విమాన ఇంజిన్ మీద పెట్టిన ఖర్చు. 1998లో కార్ల విభాగం అమ్మకానికొచ్చినప్పుడు ఇంకా తమాషా. ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌన్లు పోసి ఫ్యాక్టరీ, డిజైన్లు, ముందుండే బొమ్మతో సహా కొనేసింది. కానీ ఆ పేరు విమాన ఇంజిన్ల కంపెనీ చేతిలో ఉండిపోయింది. ఆ పేరుని 4 కోట్ల పౌన్లకి బీఎండబ్ల్యూ లైసెన్సు తీసుకుంది. కోడంతా ఒకడు కొన్నాడు, డొమైన్ పేరు ఇంకొకడు పట్టుకుపోయాడు! 2003 నుంచి రోల్స్ రాయిస్ అంటే బీఎండబ్ల్యూదే. 2022లో 6,021 కార్లమ్మారు, ఆరు వేలు దాటడం అదే మొదటిసారి. పద్దెనిమిది కార్ల రోజులెక్కడ, ఆరు వేల రోజులెక్కడ. కొలబద్దకి ప్రమాదమంటూ ఉంటే అది వీధికొకటి అయిపోవడం వల్లే.

మళ్ళీ చెత్తబండి కథకొద్దాం. దానివల్ల కంపెనీ పరువు పోయిందని మనం మురిసిపోతాం. కానీ కథలోనే చూడండి, రాజుగారు బేరమైనా ఆడకుండా అన్ని కార్లకీ పూర్తి డబ్బు కట్టాడు. అవమానించినవాడి దగ్గరే షోరూం మొత్తం ఖాళీ చేసి పగ తీర్చుకోవడం ఏం పగ? ఆ సేల్స్‌మన్‌కి ఆ నెల కమీషన్ ఎంతొచ్చి ఉంటుందో!

అన్నిటికంటే, ఆ డబ్బెవరిది? నిజాం సింహాసనం కారైనా, కథలోని చెత్తబండ్లైనా ఆఖరికి శిస్తు కట్టిన రైతు డబ్బే. రజనీష్ కార్లు భక్తుల కష్టార్జితం. రాజుగారికి జరిగిన అవమానం మన అవమానం అనుకుంటున్నాం గానీ, ఆ సంస్థానంలో వీధులూడ్చే మనిషికి ఆ షోరూం సేల్స్‌మన్ ఎంత దూరమో, రాజుగారూ అంతే దూరం. కథ నిజమే అయితే, ఆ మనిషికి ఓ మంచి చీపురూ, నెల తిరిగేసరికి జీతమూ ఇప్పిస్తే కారు డబ్బులో ఎన్నో వంతు సరిపోయేది.

ఈసారి ఆ ఫార్వర్డు వస్తే, పంపినవాళ్ళని ఒక్కటే అడగండి: బిల్లు ఎవరు కట్టారూ?