తహ్‌ఖానాకు తాలాబ్ ఇజాజత్ కావాలి

మొన్న టోలిచౌకిలో ఒక దోస్త్ తన ఇంటి సెల్లార్ చూపించాడు. ఫాల్స్ సీలింగ్ వేయించి, టైల్స్ పరిచి, కూతుళ్లకు చదువుకునే గది చేయాలని అతని ఇరాదా. "ఎట్లుంటది భాయ్?" అన్నాడు. "2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్?" అని అడిగాను. మాట్లాడకుండా గోడ మీద భుజమంత ఎత్తులో చెయ్యి పెట్టాడు. ఆ మరక మీద ఎప్పుడో సున్నం కొట్టేశాడు.

తహ్ అంటే అడుగు, ఖానా అంటే ఇల్లు. తెలుగులో నేలమాళిగ. బగ్దాద్ పాత ఇళ్లలో దీన్ని సర్దాబ్ అంటారు. ఎండాకాలం మధ్యాహ్నాలు కుటుంబమంతా అందులోకి దిగేది. పైనుంచి గాలిని కిందికి దింపడానికి బాద్‌గీర్‌లు ఉండేవి. లాహోర్, ఆగ్రా ఖిలాల్లో మొఘల్ బాద్షాహ్‌లూ తహ్‌ఖానాలు కట్టించుకున్నారు. అయితే ఇరాక్, ఇరాన్ నేల పొడినేల. అక్కడ మనిషి నేల కిందికి వెళ్లింది ఎండ నుంచి తప్పించుకోవడానికి. మన దగ్గర సవాల్ ఎండ ఒక్కటే కాదు, నీళ్లు కూడా.

మన దక్కన్ బుజుర్గులకు ఈ సంగతి తెలుసు. వాళ్ల దేవిడీలకు చల్లదనం సేహన్ నుంచి, దాలాన్ నుంచి, మందమైన సున్నపు గోడల నుంచి వచ్చేది. మనకు దగ్గర్లోని సాత్ గుంబద్‌నే చూడండి. 1591లో హైదరాబాద్ షహర్‌కు పునాది వేసిన మొహమ్మద్ కులీ కుతుబ్ షా అసలు ఖబర్ పైన కనిపించేది కాదు, కింది గదిలో ఉంది. ఆ గది పైన ఎత్తయిన చబూత్రా, దాని మీద గుంబద్. మరణించినవారి కోసం కట్టేటప్పుడు కూడా ముందు ఎత్తు చూసుకున్నారు.

టోలిచౌకి సంగతి వేరు. పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, షేక్‌పేట గుట్టలు. అక్కడ రాయి మీద పడిన బారిష్ ఇంకదు, పల్లానికి పరుగెత్తుతుంది. పల్లంలో మనమున్నాం, మన షా హాతిమ్ తాలాబ్ ఉంది. 2020 అక్టోబర్ 13న షహర్‌లో ఒక్కరోజులో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది, జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. 1908 సెప్టెంబర్ 28 మూసీ తుగ్యానీ తర్వాత నిజాం హుకూమత్ విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అప్పటివాళ్లు నీటికి ముందు జాగా చూపించారు. మనం నీటి జాగాలో ఇళ్లు కట్టుకున్నాం.

ఖానూన్ కూడా స్పష్టంగానే ఉంది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం సెల్లార్ పార్కింగ్ కోసం. అందులో 10 శాతం వరకు జనరేటర్, కరెంట్ పరికరాలు, లాండ్రీ వంటి వాటికి వాడుకోవచ్చు, మనుషులు ఉండటానికి కాదు. ఇది కాగితం మాటే అనుకునేవాళ్లు 2024 జూలై 27 గుర్తు చేసుకోవాలి. ఆ సాయంత్రం ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థుల జాన్ పోయింది. ఆ బేస్‌మెంట్‌కు అనుమతి ఉన్నది పార్కింగ్‌కు, సామాన్లకు.

అందుకే దోస్త్‌కు చెప్పాను: రంగుల సంగతి తర్వాత. ముందు నేల మీదా గోడ మీదా ప్లాస్టిక్ షీటు అంచులు మూసి అతికించి రెండు రోజులు ఉంచు. లోపల చెమ్మ పడితే టైల్స్ ఖర్చు నీళ్లపాలే. ఇల్లు కట్టేటప్పుడైతే గోడ బయటి వైపు షాబాద్ బండలతో బాక్స్ వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు. ఇల్లు కట్టేశాక బయటి నుంచి ఆ పని దాదాపు కుదరదు. ర్యాంప్ మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా గట్టు పెట్టించు. సంప్‌లో రెండు మోటార్లు ఉండాలి, ఒకటి కరెంట్ పోయినా నడవాలి. స్విచ్ బోర్డులు పైకి జరుపు. నువ్వు తోడే నీళ్లు పడోసీ గోడలోకి పోకూడదు, అది అతని హక్.

అంతా విని, చదువు గది మేడ మీదికి మార్చాడు. షుకర్. మెట్లెక్కుతూ సెల్లార్ మూలన ఉన్న చిన్న గది చూశాను. తలుపు ముందు తీగ మీద పిల్లల స్కూలు యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్ కుటుంబం ఉండేది అందులోనే.

"నీ బేటీలు పైకి పోయిన్రు. మరి వీళ్లు?" అన్నాను.

చాలాసేపు జవాబు లేదు. వారం తర్వాత ఫోన్ చేశాడు. గేటు పక్కన, రోడ్డు కంటే ఎత్తులో, ఒక గదికి మిస్త్రీ కొలతలు తీసుకుంటున్నాడట. ఈ వానాకాలం లోపు అయిపోవాలని దువా చేయండి. మీ సెల్లార్ మూలన కూడా అలాంటి గది ఉంటే, ఒకసారి దిగి చూసి రండి.