శిశూద్యానము – దాని పూర్వకథ

1851వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన ప్రష్యా రాజ్యపు విద్యామంత్రి ఫాన్ రౌమర్ ఒక ఉత్తరువు ప్రకటించెను. రాజ్యమునందలి శిశూద్యానములన్నియు మూతపడవలెనని దాని సారాంశము. ఇంతకును ఆ బడులలోని సామగ్రి యేమి? ఆరు రంగుల ఉన్నిబంతులు, కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్థూపము, అమర్చి ఆడుకొనుటకు చిన్న చిన్న దిమ్మలు, మడచుటకు కాగితములు, బొమ్మలు చేయుటకు మన్ను. పసిబిడ్డల చేతిలోని ఈ వస్తువులలో ప్రభుత్వమునకు నాస్తికత్వమును, సామ్యవాదమును గోచరించినవి!

ఈ పద్ధతిని కల్పించిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని థురింగియా ప్రాంతమున ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. ఏడాది నిండకమునుపే తల్లి మరణించెను. యౌవనమున స్విట్జర్లండునకు పోయి పెస్టలోజీ పాఠశాలలో పనిచేసెను. పిమ్మట బెర్లినులో ఖనిజముల ప్రదర్శనశాలయందు స్ఫటికములను పరిశీలించుచుండెను. రాతిలో దాగిన క్రమమును చూచిన కన్నులే తరువాత పసివాని ఆటలోను క్రమమును వెదకినవి. 1837లో బ్లాంకెన్‌బర్గు అను చిన్న పట్టణమున శిశువుల బడి పెట్టి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’, అనగా పిల్లల తోట, అని పేరిడెను.

తన ఆటవస్తువులను అతడు ‘కానుకలు’ అనెను. వానిలో మూడవది విశేషముగ చెప్పదగినది. రెండంగుళముల కొయ్యఘనమును ఎనిమిది సమాన ఘనములుగా కోసి పెట్టెలో నుంచుదురు. బిడ్డ వానితో కుర్చీ కట్టును. ఆ కుర్చీని పడద్రోయక, ముక్కలను జరిపి మఱియొక వస్తువుగా మార్చవలెను. ఒక్క ముక్కయు మిగులరాదు. ఆ ముక్కలే వేరొకనాడు ముగ్గువంటి అమరిక యగును. ఇంకొకనాడు అర, కాలు, అరకాలు నేర్పును. లెక్క పేరెత్తకయే భిన్నములు చేతికి తెలియును. పలకమీద ఇంత సులభముగా తెలియునా?

1848 నాటి విప్లవముల పిమ్మట పాలకులకు ప్రతి క్రొత్త భావమును అనుమానాస్పదమే. పైగా ఫ్రోబెల్ అన్నకుమారుడు కార్ల్ వ్రాసిన యొక కరపత్రము వలన మంత్రి ఇరువురిని ఒక్కరిగా భ్రమించెనని చెప్పుదురు. వృద్ధుడు విన్నపము చేసికొనెను, ఫలము లేకపోయెను. 1852 జూన్ 21న కన్నుమూసెను. బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో మొదలగువారు పాటుపడగా 1860లో గాని నిషేధము తొలగలేదు.

ఇంతలో దేశము విడిచిన జర్మనులు ఈ విద్యను వెంట గొనిపోయిరి. 1856లో అమెరికాలోని వాటర్‌టౌనున మార్గరెథె షుర్ట్స్ జర్మనుభాషలో నడచు పిల్లల తోటను నెలకొల్పెను. 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఈ కానుకలను చూచిన యొక తల్లి తన కుమారునకై కొనెను. ఆ బాలుడే వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ దిమ్మల స్పర్శ తన వ్రేళ్లను విడువలేదని అతడు పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెను.

నిషేధమున కోర్చుకొన్న ఈ విద్యకు శిష్యుల భక్తి చేటు తెచ్చినది. పెక్కు బడులలో ఉపాధ్యాయిని ఆజ్ఞ యిచ్చినపుడే పిల్లలందఱు ఒక్కమాఱుగా దిమ్మ నెత్తవలెను, ఒక్కతీరుగా నుంచవలెను. ఆట కవాతైనది. అంత చిన్న ముక్కలు లేత వ్రేళ్లకు తగవని స్టాన్లీ హాల్ వంటి మనస్తత్త్వవేత్తలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే.

మన ఎల్.కె.జి. తరగతుల పేరులోని ‘కె.జి.’ ఆ పిల్లల తోటయే. పెక్కుచోట్ల అచట బిడ్డ చేతికి మొదట నందునది దిమ్మ కాదు, వ్రాతపుస్తకము.